‘లాగిన్ అవట్లేదు, బెన్’

కాగితం మీద నా ఉద్యోగం సిస్టమ్స్ మేనేజర్. రోజంతా చేసిన పని మాత్రం ఫోనెత్తి "లాగిన్ అవట్లేదు, బెన్" అన్న మాట వినడం. సూరత్‌లో ఆడవాళ్ళని పేరు చివర బెన్ చేర్చి పిలుస్తారు, మన దగ్గర అక్కా అన్నట్టు. మిల్లుల్లోని మన తెలంగాణ వాళ్ళు మేడం అనేవాళ్ళు. కోపమొచ్చినా మేడమే, కాకపోతే అప్పుడు ‘డం’ కాస్త గట్టిగా పడేది.

మా కంపెనీ బట్టలకు రంగులద్దేది. ఒక మిల్లు సూరత్‌లోనే పాండేసరలో, ఇంకొకటి ఊరవతల సచిన్‌లో. పెద్ద సర్వర్ పాండేసరలో ఉండేది. సచిన్ వాళ్ళు తమ కంప్యూటర్ ముందే కూర్చుని, నెట్‌వర్క్ మీదుగా ఆ సర్వర్‌లోకి వచ్చి పని చేసుకోవాలి. ఏ చీరకి ఏ రంగు ఎంత కలపాలన్న లెక్కలన్నీ అందులోనే ఉండేవి. దూరంనుంచి ఇలా లోపలికి రావడమే రిమోట్ లాగిన్. తలుపు పాండేసరలో, తట్టేవాడు సచిన్‌లో. తలుపు తెరుచుకోకపోతే ఇద్దరూ కలిసి నన్ను తిట్టేవాళ్ళు.

ఇప్పుడీ పనిలోకి వస్తున్న పిల్లలు ఏ కోర్సు చెయ్యాలో చెప్పమని అడుగుతున్నారు. కోర్సుల గురించి వాళ్ళకే నాకంటే బాగా తెలుసు. కోర్సుల్లో చెప్పని సంగతులు కొన్ని మాత్రం ఇక్కడ రాస్తున్నాను.

అవట్లేదంటే ఏమిటి?

మొదటి సంగతి: ‘లాగిన్ అవట్లేదు’ అన్నది సమస్య పేరు కాదు. జ్వరం వచ్చినవాడూ, బస్సు తప్పినవాడూ, భార్యతో గొడవపడినవాడూ ‘ఒంట్లో బాగోలేదు’ అనే చెబుతారు చూడండి, ఇదీ అంతే. కంప్యూటర్ ఆన్ చెయ్యకుండానే ఈ మాట అన్నవాళ్ళున్నారు. శుభ్రంగా లాగిన్ అయి, పని పూర్తి చేసి, ప్రింటర్లో కాగితం లేదని చెప్పడానికి ఈ మాట వాడిన పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. "ప్రింటర్ అని చెప్పొచ్చుగా?" అంటే, "లాగిన్ అంటే మీరు తొందరగా వస్తారు బెన్" అన్నాడు. ఆయన అనుభవం ఆయనది.

అందుకని ఫోనెత్తగానే నేను అడిగే ప్రశ్న ఒక్కటే: "తెర మీద ఏం రాసుంది? ఉన్నది ఉన్నట్టు చదవండి." ఈ ప్రశ్న వినగానే సగంమంది నొచ్చుకునేవాళ్ళు. పావువంతుమంది "ఏదో ఇంగ్లీషులో ఉంది" అనేవాళ్ళు. మిగతా పావువంతు చదివేవాళ్ళు, చదువుతూ చదువుతూ తప్పెక్కడుందో తామే కనిపెట్టి, నాకు చెప్పకుండా ఫోన్ పెట్టేసేవాళ్ళు.

డెస్కు మీద నేర్చింది

ఈ అలవాటు నాకు కంప్యూటర్ల వల్ల రాలేదు. సూరత్‌కి రాకముందు ఒక తెలుగు దినపత్రికలో పనిచేశాను. మొదట డెస్కులో సబ్ ఎడిటర్‌ని. తర్వాత, పేజీలు కంప్యూటర్‌లోకి మారినప్పుడు, భయపడకుండా మౌస్ పట్టుకున్నది నేనొక్కదాన్నే కాబట్టి ఆ విభాగంలో వేశారు. పెళ్ళయ్యాక మావారికి సూరత్ పక్కనున్న హజీరాలో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం రావడంతో ఇటు వచ్చి పడ్డాను.

మా డెస్కు ఇన్‌చార్జి ప్రసాదరావుగారు జిల్లా విలేకరుల్ని ఫోన్‌లో నిలబెట్టి అడిగే తీరు వింటే నవ్వొచ్చేది.

"ఊరంతా కరెంటు పోయిందని రాశావు. ఊరంతా తిరిగావా?"

"లేదండీ, మా వీధిలో పోయింది."

"పక్క వీధిలో ఉందా?"

"చూడలేదండీ."

"చూసొచ్చి రాయి. మీ ఇంట్లో ఫ్యూజు పోతే రాష్ట్రం చీకట్లో ఉందని రాస్తావేమిటయ్యా?"

నెట్‌వర్క్ పని అంతా ఈ నాలుగు ముక్కల్లో ఉంది. పక్కవాడికి అవుతోందా? ఇదే మనిషికి వేరే కంప్యూటర్ మీద అవుతోందా? ఇదే కంప్యూటర్ మీద వేరే మనిషికి అవుతోందా? ఈ మూడూ అడిగితే చిక్కుముడి చాలావరకు దానంతటదే వదులవుతుంది. అడగకుండా కేబుళ్ళు పీకి పెట్టే కుర్రాళ్ళని చూస్తే నాకు ఇప్పటికీ ప్రసాదరావుగారి గొంతే వినిపిస్తుంది.

ఆయన పెట్టిన అలవాటు ఇంకొకటుంది. ఎవరి మీదైనా ఆరోపణ రాసేముందు ఆ మనిషికి ఫోన్ చేసి ఆయనేమంటాడో వినాలి. పత్రికలో అది కోర్టు భయంతో చేసే పని అనుకునేదాన్ని. సూరత్ వచ్చాక అది ఎందుకు అవసరమో ఇంకో రకంగా తెలిసింది. చెబుతాను.

పూజ అందుకున్న పెట్టె

సూరత్‌లో దీపావళికి లెక్కల పుస్తకాలకి పూజ చేస్తారు. పుస్తకాలు పోయి కంప్యూటర్లొచ్చాక పూజ కంప్యూటర్లకి మారింది. తెర మీద కుంకుమతో స్వస్తిక్, కీబోర్డు మీద అక్షతలు, పక్కన మిఠాయి. చూడముచ్చటగా ఉంటుంది. తర్వాత మార్కెట్ అంతా కొన్నాళ్ళు మూతపడి, లాభపంచమినాడు తెరుచుకుంటుంది. ఆ ఉదయం నా ఫోన్‌కి ఊపిరాడేది కాదు.

ఒక ఏడాది సచిన్ మిల్లు మొత్తానికీ సర్వర్ అందలేదు. వెళ్ళి చూస్తే, ఎవరో భక్తిగా పూజ కంప్యూటర్లతో ఆపకుండా గోడమీదున్న నెట్‌వర్క్ పెట్టెకి కూడా చేశారు. కేబుల్ దూరే రంధ్రాలన్నిటికీ కుంకుమ పెట్టారు, వేలితో బాగా నొక్కి మరీ. పాత టూత్‌బ్రష్ తెప్పించి కూర్చుని తుడిచాను. వెనక నిలబడ్డ అకౌంటెంటు బాధగా, "కొంచెం ఉంచండి బెన్, మొత్తం తీసేస్తే బాగోదు" అన్నాడు. పెట్టె పైన ఒక బొట్టు ఉంచాను. ఆ ఏడాది ఆ పెట్టె మళ్ళీ చెడలేదన్న మాట కూడా నిజాయితీగా రాయాలి.

కాబట్టి ఊరి పద్ధతులు తెలియకుండా ఈ పని చెయ్యలేరు. మీ పుస్తకంలో కుంకుమ గురించి ఉండదు.

పాస్‌వర్డ్ మార్చే వైద్యం

పాండేసరలో నా కింద హితేశ్ అని ఒకడుండేవాడు. చురుకైనవాడు, ఎప్పుడు పిలిచినా పలికేవాడు. అతనికి ఉన్న ఒకే ఒక్క జబ్బు, ఏ జబ్బుకైనా ఒకే మందు ఇవ్వడం. ఎవరు ఫోన్ చేసినా "పాస్‌వర్డ్ మర్చిపోయారు, కొత్తది పెడతాను" అనేవాడు. పదిమందిలో ఆరుగురు నిజంగానే మర్చిపోయి ఉంటారు కాబట్టి ఆ ఆరుగురి దగ్గరా అతనికి మంచి పేరు. మిగతా నలుగురికి కొత్త పాస్‌వర్డ్ వచ్చేది, పాత కష్టం ఉండేది.

ఇందులో ఇంకో నష్టముంది. మందు పనిచెయ్యకపోతే తప్పు మందుది కాకుండా రోగిది అవుతుంది. రెండుసార్లు కొత్త పాస్‌వర్డ్ ఇచ్చినా లాగిన్ అవనివాడు హితేశ్ దృష్టిలో మొద్దు. మూడోసారీ అవకపోతే అబద్ధాలకోరు. ఆ జాబితాలో చిట్టచివరకు వెళ్ళి కూర్చున్నవాడు రాజా.

సచిన్ నుంచి రాజా

రాజాది జగిత్యాల దగ్గర ఊరు. టెక్స్‌టైల్ డిప్లొమా చదివి, సచిన్ మిల్లులో రంగులు కలిపే ల్యాబ్‌కి సూపర్‌వైజర్‌గా చేరాడు. చేరిన కొత్తలోనే భార్య కాన్పుకి పుట్టింటికి వెళ్ళింది, ఆడపిల్ల పుట్టింది. పిల్లని అతను ఫోన్‌లో తప్ప చూడలేదు. ఉద్యోగం పర్మనెంట్ అయ్యేదాకా సెలవు ఇవ్వడం మా కంపెనీలో లేదు. పర్మనెంట్ చెయ్యాలా, ఇంటికి పంపాలా అన్నది జనరల్ మేనేజర్ భూపత్‌భాయ్ చేతిలో ఉంది. ఆయన ఇంటికి పంపడానికే మొగ్గుతున్నాడు.

కారణం రిమోట్ లాగిన్. రాజాకి సచిన్ నుంచి సర్వర్ ఒక్కసారి కూడా తెరుచుకోలేదు. దాంతో అతను రోజూ మధ్యాహ్నం మోటార్‌సైకిలేసుకుని పాండేసర వచ్చి, సర్వర్ ముందే కూర్చుని లాగిన్ అయి, లెక్కలు ఎక్కించి, మళ్ళీ సచిన్ వెళ్ళేవాడు. సర్వర్ ముందు కూర్చుంటే మాత్రం ఏ తిప్పలూ లేకుండా అయ్యేది. హితేశ్‌కి అదే రుజువు. "ఇక్కడ అవుతోంది కదా బెన్! అక్కడ అతనే ఏదో తప్పు కొడుతున్నాడు."

భూపత్‌భాయ్ ఇంకో అడుగు ముందుకేశాడు. నన్ను తన గదిలోకి పిలిచి తలుపు వేయించాడు.

"సుజాతాబెన్, మీ తెలుగువాడు గట్టివాడు. అక్కడ లాగిన్ అవట్లేదని వంక పెట్టి రోజూ బయటపడుతున్నాడు. బమ్రోలీలో వాళ్ళ ఊరివాళ్ళున్నారు. అక్కడ చాయ్, కబుర్లు. తర్వాత ఇక్కడికి."

"బమ్రోలీలో చూశారా?"

"చూడాలా? పాండేసర పక్కనే కదా బమ్రోలీ!"

"మా ఇల్లు ఎయిర్‌పోర్టు రోడ్డులో ఉంది భూపత్‌భాయ్. నేను రోజూ విమానమెక్కుతున్నానా?"

ఆయన నవ్వాడు. మంచి మనిషే. ఏం జరిగిందని అడగడానికి ముందే ఎవరు చేశారని అడిగే బాసు, అంతే. ఆ రకం బాసులు మీకూ తగులుతారు. వాళ్ళతో వాదించొద్దు, అడిగిన ‘ఎవరు’ దొరికేలోపు మీరు ‘ఏమిటి’ సంగతి చూసుకోండి.

"వెళ్ళి చూడండి. అతనికి కంప్యూటర్ రాదని మీరొక్క మాట రాసిస్తే చాలు, నేను పంపించేస్తాను" అన్నాడు.

ల్యాబ్‌లో

మర్నాడు సచిన్ వెళ్ళాను. రాజా నన్ను చూడగానే కుర్చీ తుడిచి వేశాడు. మొహం మాత్రం పరీక్షకి కూర్చున్నట్టుంది.

"మేడం, పాస్‌వర్డ్ మర్చిపోయినవా అని మాత్రం అడగకుర్రి. గా హితేశ్ దినాం అడుగుతడు. నా పెండ్లి తారీఖన్న మర్చిపోత గని పాస్‌వర్డ్ మర్చిపోను."

"మీ ఆవిడ దగ్గర ఈ మాట అనకు."

"ఆమెకెర్కే మేడం, మొన్న మర్చిపోయిన."

కొట్టి చూపించమన్నాను. కొట్టాడు. తెర మీద ‘పర్మిషన్ డినైడ్’ అని వచ్చింది. అనుమతి లేదు అని. ఇక్కడ కొత్తవాళ్ళు ఒక సంగతి గమనించాలి. పాస్‌వర్డ్ తప్పయినా సర్వర్ ఈ మాటే అంటుంది, పాస్‌వర్డ్ సరైనదే అయినా మనిషిని రానివ్వొద్దని ముందే రాసిపెట్టి ఉంటే అప్పుడూ ఈ మాటే అంటుంది. బయటనుంచి తట్టేవాడికి కారణం చెప్పదు. దొంగలకి సాయం చేసినట్టవుతుందని అలా కట్టారు. మంచి పద్ధతే. మనిషి దొంగ కానప్పుడు మాత్రం చాలా అవమానంగా ఉంటుంది.

పాస్‌వర్డ్‌ని ముందు మామూలు పేజీ మీద కొట్టమన్నాను, అక్షరాలు సరిగ్గా పడుతున్నాయో లేదో చూద్దామని. సరిగ్గానే పడుతున్నాయి. తర్వాత అదే కంప్యూటర్ మీద నా పేరుతో నేను లాగిన్ అయ్యాను. వెంటనే తెరుచుకుంది. రాజా మొహం ఇంకా వాడిపోయింది.

"అంటే లోపం నాదేనా మేడం?"

"ఆగు. ఈ కంప్యూటర్ మంచిదని తేలింది, దారి మంచిదని తేలింది. పాండేసరలో సర్వర్ ముందు కూర్చుంటే నీకు అవుతోంది కాబట్టి నీ పాస్‌వర్డూ మంచిదే. ఇక మిగిలింది ఒకటే. నువ్వు బయటనుంచి వస్తే రానివ్వొద్దని లోపల ఎవరో చెప్పి ఉండాలి."

"నన్నా? నేనేం జేసిన మేడం?"

సర్వర్‌లో తలుపు దగ్గర కాపలావాడు రాసుకునే చిట్టా ఒకటుంటుంది. బయట చెప్పని కారణం అక్కడ రాసుకుంటాడు. నేను ఎలాగూ లోపలికి వెళ్ళాను కాబట్టి అది తెరిచాను. రాజా అనే మనిషి ఉన్న గ్రూపు నిషేధించిన గ్రూపుల్లో ఉంది కాబట్టి రానివ్వలేదు అని ఉంది. నిషేధం ఎవరి మీదో చూశాను. ఒకే ఒక్క పేరు. ఇంగ్లీషు అక్షరాల్లో ఆర్, ఏ, జే, ఏ.

ఈ రకం సర్వర్‌లో కొత్త మనిషికి పేరు నమోదు చేస్తే, అదే పేరుతో అతనికో సొంత గ్రూపు దానంతటదే తయారవుతుంది. అంటే రాజా సొంత గ్రూపుని ఎవరో పనిగట్టుకుని నిషేధించారు. వందలమంది ఉన్న కంపెనీలో ఒక్క మనిషి మీద.

రాజాకి చెప్పక తప్పలేదు.

"హితేశ్‌తోని ఒక్కసారి ఫోన్ల గొడవైంది మేడం. ఏదో కోపంల రెండు మాటలన్న. గిట్ల జేస్తడా మరి? నా బిడ్డను నేను ఇంత వరకు ఎత్తుకోలే."

నాకూ రక్తం మరిగింది. భూపత్‌భాయ్‌కి అక్కడినుంచే ఫోన్ చేసి, మీ హితేశ్ ఘనకార్యం ఇదీ అని చెప్పెయ్యాలని నంబరు కూడా వెతికాను. కాని హితేశ్ ఏమంటాడో వినకుండా అతని మీద మాట పడెయ్యడానికి డెస్కు అలవాటు ఒప్పుకోలేదు. ఫోన్ సంచీలో వేసుకుని పాండేసర బయల్దేరాను.

ఎదుటివాడు ఏమన్నాడంటే

సర్వర్ గదిలో ఏసీ రొద. హితేశ్ శనగపిండితో చేసే ఫాఫ్‌డా తింటున్నాడు. మేం మాట్లాడుకున్నది గుజరాతీలో, తెలుగులో రాస్తున్నాను.

"రాజాని ఎందుకు ఆపావు హితేశ్?"

"ఎవర్ని?"

"నిషేధంలో రాజా అని ఉంది. చూసే వచ్చాను."

"అదా బెన్! అది ఎప్పట్నుంచో ఉంది. నాకు ముందు పనిచేసినాయన పెట్టాడు. భూపత్‌భాయ్ రూలే కదా."

"భూపత్‌భాయ్ చెప్పారా? రాజాని రానివ్వొద్దని?"

"మరి? రజా మీదున్నవాడికి లాగిన్ ఎందుకు?"

"రాజా మీద ఎవరున్నారు? ఏమిటి మాట్లాడుతున్నావు?"

"ఇవాళ ఇద్దరున్నారు. ల్యాబ్ దినేశ్‌భాయ్ తన బావమరిది పెళ్ళికెళ్ళాడు. స్టోర్స్ మనిషికి పన్ను నొప్పి."

"పన్ను నొప్పికీ రాజాకీ ఏమిటి సంబంధం?"

"పన్ను నొప్పికి కూడా రజా ఇవ్వరా బెన్? మీరింత కఠినమని అనుకోలేదు."

ఏసీ రొదలో ఇంతసేపూ నేను దీర్ఘంతో అంటున్నాను, అతను దీర్ఘం లేకుండా అంటున్నాడు. గుజరాతీలో రజా అంటే సెలవు. ఇన్నేళ్ళుగా రోజూ వింటున్న మాటే. సెలవులో ఉన్నవాళ్ళ లాగిన్ బయటనుంచి మూసెయ్యాలన్న రూలు కూడా నాకు తెలుసు. హితేశ్ పొద్దున్నే ఒక బటన్ నొక్కి సెలవువాళ్ళని ఆ గ్రూపులో వేస్తాడని తెలుసు. ఆ గ్రూపు లోపల ఏ పేరుతో ఉందో ఎప్పుడూ చూడలేదు. ఇంగ్లీషులో రాస్తే రాజా అయినా రజా అయినా ఒకటే అక్షరాలు. తెలుగు కళ్ళతో చదివాను కాబట్టి నాకు మనిషి కనిపించాడు. గుజరాతీ కళ్ళతో చదివి ఉంటే సెలవు కనిపించేది.

"మరి రాజాని, మన ల్యాబ్ రాజాని, అందులో ఎవరు వేశారు?"

హితేశ్ నమలడం ఆపాడు. వేళ్ళు తుడుచుకుని తెర దగ్గరకొచ్చాడు. చూశాడు. తల మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"మిషనే చెప్పింది బెన్. కొత్త మనిషి పేరు రాజా అని కొట్టాను. ఆ పేరుతో గ్రూపు ముందే ఉంది, ఇతన్నీ అందులోనే వెయ్యాలంటే ఇలా కొట్టు అంది. ఎలా కొట్టాలో కూడా అదే చెప్పింది. కొట్టాను."

"సెలవు గ్రూపు అని తట్టలేదా?"

"అతను రాజాభాయ్. ఇది రజా. వినడానికి ఒకటేనా, చెప్పండి?"

కాదు. చెవికి రెండు. అందుకే వాటిని అతను ఎప్పుడూ కలుపుకోలేదు. హితేశ్ మీద నాకున్న కోపమంతా దిగిపోయింది. చెబితే నమ్మరు, కొంచెం నిరాశ కూడా కలిగింది. కుట్ర దొరికిందనుకుని వచ్చిన విలేకరికి అక్షరదోషం దొరికినట్టయింది.

నా అభిప్రాయం అడిగితే, ఈ పనిలో కనిపించే కుట్రలన్నీ దాదాపు ఇలాంటివే. మిషన్ ఏదన్నా సలహా ఇస్తే చదవకుండా ‘సరే’ కొట్టడం ఒక్కటి మానేస్తే మన ఉద్యోగాలు సగం ఉండవు.

భూపత్‌భాయ్ తీర్పు

ఇద్దరం కలిసి భూపత్‌భాయ్ గదికి వెళ్ళాం. విని, ఆయన కుర్చీలో వెనక్కి వాలి, కడుపు పట్టుకుని నవ్వాడు.

"అంటే చేరిన రోజునుంచీ రాజా రజా మీదే ఉన్నాడా!"

"ఉన్నాడు. ఆ రజాలో రోజూ ఎండలో సచిన్ నుంచి బండేసుకొచ్చి మీ రంగుల లెక్కలు ఎక్కించాడు. మామూలుగా ఒక్కరోజు సెలవడిగితే లేదన్నారు."

నవ్వు ఆగింది. కాసేపు బల్లమీద పెన్ను అటూ ఇటూ దొర్లించాడు.

"బమ్రోలీ అని నాతో ఎవరన్నారో గుర్తులేదు" అన్నాడు. క్షమాపణ చెప్పడానికి ఆ మనిషికి తెలిసిన పద్ధతి అదే. నేను దాన్ని అలాగే తీసుకున్నాను.

తర్వాత, ఇక రాజా పేరుని సర్వర్‌లో రాజాభాయ్ అని మార్చేస్తే సరిపోతుందని తేల్చాడు. హితేశ్ అప్పుడే కీబోర్డు మీద చెయ్యి వేసినంత ఉత్సాహంగా ఉన్నాడు. నేను రాజాకి ఫోన్ చేసి, జరిగిందంతా చెప్పి, ఇదీ ప్రతిపాదన అన్నాను. అటువైపు చాలాసేపు నవ్వే వినిపించింది. తర్వాత అన్నాడు:

"వద్దు మేడం. సూరత్‌ల భాయ్‌లకేం తక్కువ? నేను రాజాగనే ఉంట. జర సెలవు పేరే మార్చుండ్రి."

న్యాయమైన మాట. గ్రూపు పేరు, సెలవుకి హిందీ మాట, ‘ఛుట్టీ’ అని మార్పించాను. ఆ పేరుగల మనిషి ఎవరూ ఇంతవరకూ మా కంపెనీలో చేరలేదు. రాజాని అందులోంచి తీసి అతనికి సొంత గ్రూపు కట్టించాను. సచిన్ నుంచి మొదటిసారి లోపలికి వచ్చినప్పుడు అతను ఫోన్ చేసి, "అయింది మేడం" అన్నాడు. అంతే అని, వెంటనే పెట్టేశాడు. పని మిగిలిపోయి ఉంది మరి.

పర్మనెంట్ కాగితం ఆ నెలలోనే చేతికిచ్చారు. భూపత్‌భాయ్ తనే సచిన్ వెళ్ళి ఇచ్చాడు. కాగితం అందుకున్న రాజా అడిగిన మొదటి మాట, "రజా కావాలె సాబ్."

సెలవంటే సెలవు

రాజా ఊరెళ్ళిన మర్నాడే నాకు భూపత్‌భాయ్ ఫోన్. సరుకు కొనే ఒక పార్టీకి రామా గ్రీన్ చీరల్లో రంగు తేడా వస్తోంది, రాజా ఫోన్‌లోంచి ఒక్కసారి చూసి సరిచేస్తాడు, అతని లాగిన్ ఒక గంట తెరవండి అని.

"తెరవను భూపత్‌భాయ్."

"ఒక్క గంట బెన్!"

"రూలు మీదే. సెలవులో ఉన్నవాడికి లాగిన్ లేదు. ఇన్నాళ్ళూ సెలవులో లేనివాడికే మూశాం, ఇప్పుడు నిజంగా ఉన్నవాడికి తెరిస్తే ఏం బాగుంటుంది? దినేశ్‌భాయ్ పెళ్ళినుంచి ఎప్పుడో వచ్చాడు, అతన్ని చూడమనండి."

ఆయన గొణిగాడు. దినేశ్‌భాయ్‌ని పంపాడు. చీరలు బాగానే వచ్చాయి.

మీకు నేనిచ్చే సలహాల్లో దీన్ని మాత్రం రాసిపెట్టుకోండి. తెరవడం మన పనే. మూసినదాన్ని మూసి ఉంచడం కూడా మన పనే. దానికి ఎవరూ శభాష్ అనరు.

ఆ సాయంత్రం జగిత్యాలనుంచి రాజా ఫోన్ చేశాడు. వెనకాల ఇల్లంతా జనం ఉన్నట్టు సందడి.

"మేడం, భూపత్‌భాయ్ ఫోన్ జేసి జర చూడుమన్నడు. ఫోన్ల కొట్టి చూసిన. పర్మిషన్ డినైడ్ అన్నది. మస్తు ఖుషీ అయింది!"

"నేనే మూసి ఉంచాను. పిల్ల ఎలా ఉంది?"

"నా మీదనే పండుకుంది మేడం. అందుకే మెల్లగ మాట్లాడుతున్న." అతను మెల్లగా ఏమీ మాట్లాడటం లేదు. "గీ శుక్రారం పేరు పెడుతున్నం. అందరు సహస్ర అంటున్నరు. నేనే ఆపిన, మేడంను అడిగినాక అని. గుజరాతీల దానికి వేరే మతలబ్ ఏమన్న ఉందా?"

"అక్కడా వెయ్యి అనే అర్థం. మంచి పేరు."

"మన సర్వర్ల గా పేరుతోని గ్రూపు గిట్ల ఏం లేదు గద?"

లేదు, ధైర్యంగా పెట్టుకోమన్నాను. ఫోన్ పెట్టేశాక లాగిన్ అయి, ఒకసారి వెతికి చూశాను. లేదు.